మా తమ్ముని క్షమాపణకు మూడు ఓట్లు

మా తమ్ముడు మైకు ముందట నిలబడ్డడంటే మా అమ్మ టీవీ సౌండ్ తగ్గిస్తది. బంద్ చెయ్యది, తగ్గిస్తది. కొడుకు ముఖం చూడాలె గని మాట ఇనొద్దు. నేనేమో ఇనాల్సిందే. ఏం మాట జారిండో ముందుగాల తెలిస్తేనే కద, తెల్లారి ఆఫీసుల ముఖం ఎట్ల పెట్టుకోవాల్నో తెలిసేది.

వాడు ఫుట్‌బాల్ ఆడ్తడు. సెలవు దినం సరదాకు ఆడుడు కాదు, అదే వాని నౌకరి. మా హైదరాబాద్ క్లబ్బుల ఒకదాంట్ల డిఫెండర్. అంటే గోల్ కొట్టేటోడు కాదు, అవతలోళ్లను కొట్టనియ్యనోడు. గోల్ ఆపినోని పేరు ఎవనికి యాదుంటది? అయినా గోల్ కొట్టేటోళ్ల కంటె మావానికే పేరెక్కువ వచ్చింది. కాళ్లతోటి కాదు, నోటితోటి.

ఒకపారి వాన పడ్డంక బురదల మ్యాచ్ పెట్టిన్రు. ఓడిపోయి బయటికొస్తుంటే ఎట్ల అనిపిస్తున్నదని మైకు పెట్టి అడిగిన్రు. "గీ గ్రౌండుల నాట్లేస్తె పంటన్నా వస్తుండె" అన్నడు. ఇంకోపారి కోచ్ గురించి అడిగితె, "సారు బోర్డు మీద మస్తు ఆడిస్తడు. బోర్డు మీద మేం ఒక్క మ్యాచ్ ఓడలే" అన్నడు. నిజం చెప్తున్న, నాకు నవ్వొచ్చింది. నవ్వినంక భయమైంది. మోకాలు వాచిన జూనియర్‌కు ఇంజక్షన్ ఇచ్చి ఆడించిన్రన్న ముచ్చట బయటపెట్టింది గూడ వీడే. అప్పుడు అందరు సాబాష్ అన్నరు. వారం తిరగకముందే రెఫరీని పట్టుకొని "సార్, జర కండ్ల డాక్టర్ దగ్గర చూపించుకోండ్రి" అన్నడు. రెండు మ్యాచ్‌లు ఆడకుండ కూసోబెట్టిన్రు.

వాణ్ని మొనగాడు అనేటోళ్లు, పొగరుబోతు అనేటోళ్లు వేరేవేరే మనుషులనుకుంటుంటి. కాదు, ఒక్కలే. రోజును బట్టి మారుతుండ్రి. వాడు ఉన్నదున్నట్టు చెప్తున్నడా, లేకపోతె నోటి దురద తీర్చుకుంటున్నడా? తోడబుట్టినదాన్ని, ఒక్క వంటగదిల పెరిగినదాన్ని, నాకే సమజ్ గాకపాయె.

మేం లింగంపల్లిల కిరాయికి ఉంటం. అమ్మ, నేను, వాడు. మా బాపు అపార్ట్‌మెంట్ల దగ్గర సెక్యూరిటీ పని చేస్తుండె, పోయి నాలుగేండ్లయింది. నేను గచ్చిబౌలిల ఒక అద్దాల బిల్డింగుల, ఆరో అంతస్తుల పని చేస్త. ఏం పనే అని చుట్టాలు అడుగుతె "కంప్యూటర్ పని" అని తప్పించుకుంట. అసలు సంగతేందంటే, జనాలు ఫోన్లల్ల పెట్టే వీడియోల మీద ఇంకో జనాలు ఫిర్యాదులు చేస్తరు. మమ్మల్ని తిట్టిండు, మా కులాన్ని అన్నడు, మా దేవుణ్ని అన్నడు అని. తెలుగు వీడియోలైతే మా అంతస్తుకు వస్తయి. ఒక్కో వీడియో ముగ్గురికి పోతది. ఒకరికొకరం ఎవరమో తెల్వది. చూడాలె, ఉంచాల్నా తీసెయ్యాల్నా ఒక బటన్ నొక్కాలె. ఇద్దరు ఎటు నొక్కితే అటు అయితది. గంతే పని.

ముందుగాల మూడో బటన్ ఒకటుండె. "చెప్పలేను" అని. దాన్ని మస్తు మంది నొక్కుతున్నరని తీసేసిన్రు. అందరికంటె ఎక్కువ నొక్కింది నేనే అని మా సూపర్‌వైజర్ మీటింగుల చెప్పి నవ్విండు. నవ్వుతే నవ్వనియ్. మాట ఎటుపోతున్నదో తెల్వనప్పుడు తెల్వదనుడు తప్పా? మనుషులు మాట్లాడేది సగం అట్లనే ఉంటది.

ఇంకొక రూలుంది. వీడియోల ఉన్న మనిషి మనకు తెలిసినోడైతే, "తెలిసినవారు" అని పైన చిన్న గీత లెక్క ఒక లింకు ఉంటది, అది నొక్కాలె. అప్పుడు ఆ వీడియో వేరేటోళ్లకు పోతది. ఆ గీతను నేను అప్పటిదాంక నొక్కింది లేదు.

ఇగ అసలు ముచ్చట. మొన్నటి సీజన్ ఆఖర్ల గచ్చిబౌలి స్టేడియంల మ్యాచ్. మా ఐటీ కారిడార్ కంపెనీలల్ల నుంచి ఉద్యోగులను బస్సులల్ల తీస్కపోయిన్రు, మా ఆఫీసు బస్సు గూడ పోయింది. మావోళ్లు ఓడిన్రు. మళ్ల మైకు. అభిమానులకు ఏం చెప్తవని అడిగిన్రు. వాడు చెమట తుడ్సుకుంట అన్నడు: "అభిమానులు యాడున్నరు సార్? ఆఫీసోళ్లు బస్సు పెడ్తే వస్తరు. ఫోటో దిగుతరు. ట్రాఫిక్ అయితదని సెకండ్ హాఫ్‌లనే లేసిపోతరు. బంతి మా కాళ్ల మధ్యల ఉందా, వాళ్ల ఫోన్ల ఉందా వాళ్లకే తెల్వది."

నేను ఆ బస్సులనే పోయిన. సెకండ్ హాఫ్‌ల లేసి వచ్చిన. తమ్ముని మ్యాచ్ అని గూడ చూడలే, బస్సు పోతదని వచ్చిన. ఆ మాట నన్ను చూసి అన్నట్టే అనిపించింది, ఒళ్లు మండింది.

తెల్లారి నుంచి ఫోన్లన్నిట్ల వాడే. ఐటీ వాళ్లంటే అంత చులకనా, వీని జీతం ఎవరిస్తున్నరనుకున్నడు, గిట్లాంటివి. మా అంతస్తుల టీ మిషిన్ దగ్గర వాణ్ని తిట్టనోడు లేడు. నేను కప్పు పట్టుకొని పక్కన నిలబడి "అవును, జర ఎక్కువనే చేసిండు" అన్న. వాడు నా తమ్ముడని అక్కడ ఎవ్వరికీ తెల్వది. చెప్పాలె, చెప్పలే. పేరు దాచిపెట్టుకునుడు గూడ ఒక పనైపోయింది నాకు.

క్లబ్బోళ్లు వాణ్ని పిలిచిన్రు. కాంట్రాక్ట్ ఆ నెల్లనే అయిపోతున్నది. శుక్రవారం సాయంత్రం లోపట నీ నోటితోటి, నీ అకౌంట్ల క్షమాపణ చెప్పు, లేకపోతె ఇంకో ఏడాదికి సంతకం ఉండదని చెప్పిన్రు. ఇరవై ఏడేండ్లు వానికి. ఆట తప్ప ఇంకో పని రాదు, మోకాలు అప్పుడప్పుడు ఎక్కిరిస్తున్నది. అమ్మ రెండు రోజులు అన్నం పెట్టుకుంట బతిమాలింది. "ఒక్క మాట బిడ్డా, నోరు తెరిచి ఒక్క మాట." వాడు "నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?" అని లేసిపోయిండు. అబద్ధం కాదని నాకు తెల్సు. అయినా కోపం పోలే. నిజమైతే కోపం రావొద్దా? ఇప్పటికీ నాకు తెల్వది.

శుక్రవారం పొద్దుగాల నేను పోయేటప్పుడు వాడు డాబా మీదున్నడు. బట్టలు ఆరేసిన తీగ కింద ఒక్కడే నిలబడి ఏదో గొణుగుతున్నడు. టైమైపోతున్నదని బస్సు పట్టుకున్న.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కూసున్న. నాలుగో వీడియోనో ఐదోదో, తెరవంగనే మా డాబా, మా తీగ, నా పసుపు చున్నీ. వాడు.

అటు ఇటు చూసిన. ఎవ్వరూ చూస్తలేరు. "ఎగతాళి చేస్తున్నాడు, ఒక వర్గాన్ని కించపరుస్తున్నాడు" అని వందల మంది ఫిర్యాదు చేసిన్రంట. పైన ఆ గీత ఉంది, తెలిసినవారు. నొక్కాలె. నొక్కుతె వీడియో వేరేటోళ్లకు పోతది, ఖబర్ సూపర్‌వైజర్‌కు పోతది, ఎట్ల తెల్సు, ఏమైతడు అని అడుగుతడు, సాయంత్రానికి టీ మిషిన్ దగ్గర అందరికీ తెలుస్తది. అదొకటి. ఇంకొకటేందంటే, నా చేతుల పడ్డది కద, నేనే "ఉంచు" నొక్కుతె వానికి ఒక ఓటన్న పడ్తది అనుకున్న. దేవుడు నా దగ్గరికే పంపిండనుకున్న. ఒట్టు, అదే అనుకున్న.

చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని ప్లే నొక్కిన.

వాడు రెండు చేతులు జోడించిండు. మెడ జర పక్కకు వంచిండు. "తప్పు నాదే. మీరంతా పెద్దోళ్లు. నాకు బుద్ధి తక్కువ. ఈ ఒక్కసారికి మాఫ్ చెయ్యిండ్రి" అన్నడు. గంతే.

ఆ మాటలు నాకు కొత్త కాదు. ఎందుకో చెప్పాలె. చిన్నప్పుడు వాడు బడి ఎగ్గొట్టి ఆటకు పోయి దొరికినప్పుడల్ల, మా బాపు డ్యూటీ దిగి వచ్చి బెల్టు తీస్తుండె. వాడు గదే మెడ వంచి, గవే చేతులు జోడించి, "తప్పు నాదే బాపు. నువ్వు పెద్దోనివి. నాకు బుద్ధి తక్కువ" అంటుండె. పైకి ఏం తప్పు పట్టలేం. లోపట పక్కా ఎటకారం. బాపుకు ఇంక పిచ్చి లేస్తుండె. వంటింట్ల నేను అమ్మ కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుతుంటి. తర్వాత టీచర్లకు, మేనమామకు, నాకు, అందరికీ అదే నాటకం. దాన్ని అమ్మా నేనూ చూసినంత ఈ లోకంల ఇంకెవ్వరు చూడలే.

మళ్ల ప్లే నొక్కిన. గదే మెడ. గవే మాటలు, బాపు జాగల జనం, గంతే. మూడోసారి చూసిన. ఓరి నీ! క్లబ్బోళ్లకు, మాకు, ఇంత పెద్ద కారిడార్‌కు, అందరికీ కలిపి ఒకేసారి ఎటకారం పెట్టినవా? స్క్రీన్ మీద ప్రశ్న ఉంటది: ఇందులో ఎవరినైనా ఎగతాళి చేస్తున్నారా? నాకు తెలిసినంత ఎవరికి తెలుస్తది? అక్కగ ఉంచాలె, పని చేసేదానిగ తీసెయ్యాలె. ఆ మూడో బటన్ కోసం కండ్లు వెతికినయి. లేదు కద.

తీసెయ్యి నొక్కిన. ఎందుకంటే నిజంగ అట్లనే అనిపించింది. బస్సు కోపం గూడ అందుల ఉందా అంటే, ఉండొచ్చు. ఎంతుందో చెప్పలేను.

నాలుగింటికి టీ. నా పక్క సీటు మేడమ్‌ది గుంటూరు. నా కంటె పదేండ్లు పెద్ద, ముందుగాల స్కూల్ల పాఠాలు చెప్పేది, అన్నం ముందు కండ్లు మూసుకొని ప్రార్థన చేస్కుంటది. ఆమె కప్పు ఊదుకుంట మెల్లగ అన్నది: "ఆ ఫుట్‌బాల్ అబ్బాయి వీడియో నాకే వచ్చిందండి. నాకు కన్నీళ్లొచ్చాయంటే నమ్మండి."

"ఎటకారం చేస్తలేడా?" అన్న.

"అయ్యో, అదేంటండి! ఆ గొంతు వినలేదా? చివర్లో వణికింది. ముప్పై ఏళ్లు కూడా లేని పిల్లాడు అంతమంది ముందు చేతులు జోడించి నిలబడ్డాడు పాపం. నేను ఉంచేశానండి. ఇంకో ఇద్దరు ఏం నొక్కారో మరి."

గొంతు. నేను గొంతు ఇన్నన్నా? మూడుసార్లు చూసిన. మెడ చూసిన, చేతులు చూసిన, బాపును చూసిన, వంటింటిని చూసిన. గొంతు యాదికొస్తలేదు. సీటుకు ఉరికిపోయిన, మళ్ల తెరుద్దామంటే ఒకసారి నొక్కినంక మాకు కనబడది. బయట అందరి ఫోన్ల చూద్దామంటే అక్కడ గూడ లేదు. రెండు ఓట్లతోటి తీసేసిన్రు. ఆమె ఉంచింది. ఇగ తీసినోళ్లల్ల ఒకరు ఎవరో, రెండోది నేను.

అరగంటల ఇంకో రచ్చ మొదలైంది. "క్షమాపణ పెట్టినట్టే పెట్టి తీసేసిండు, ఎంత పొగరు!" అని. వాడు తియ్యలే అని చెప్పేటోడు ఎవడు? క్లబ్బోళ్లు గూడ అదే అనుకున్నరు. సాయంత్రం ఆరింటికి టైమైపోయింది.

నేను ఇంటికి పోయేసరికి వాడు చాప మీద ఫోన్ పట్టుకొని కూసున్నడు. అమ్మ గుడికి పోయింది. "అక్కా, నా వీడియో యాడ పోయింది? నేను ముట్టలే. తీసేసినమని ఒక ముక్క పంపిన్రు, క్లబ్బోళ్లకు చూపిస్తె నమ్మలే. ఎవరు తీసిన్రు?" అని అడిగిండు. అంత మెల్లగ వాడు మాట్లాడంగ నేను ఎప్పుడూ ఇనలే.

కూసున్న. "అరేయ్, నిజం చెప్పు. ఎటకారానికి చేసినవా?" అన్న.

"ఎటకారమేందక్కా?"

"బాపుకు చేసినట్టు. గవే మాటలు, గదే మెడ."

వాడు నాకు చూపిస్తున్నట్టు చేతులు జోడించబోయి మళ్ల దించిండు. "మరి ఇంకెట్ల అడుగుతరు? పొద్దుగాల డాబా మీద గంట సేపు చూసిన. నాకు వేరే మాటలు రాలే. నాకు గవే వచ్చక్కా" అన్నడు.

ఆ మాటలతోటి ఎన్నడూ నిజంగ మాఫీ అడగనోడు, నిజంగ అడుగుదామనుకున్న దినం వేరే మాటలు యాడికెళ్లి తెస్తడు? నాకెందుకు తట్టలే? మళ్ల అనుమానం. ఇప్పుడు గూడ ఆడిస్తున్నడా? లేదు, ఆ ముఖం అట్లాంటి ముఖం కాదు. కాదనే అనుకుంటున్న.

అప్పుడు సగం చెప్పిన. అవి మా ఆఫీసుకే వస్తయని, ముగ్గురం చూస్తమని, ఇద్దరు తీసెయ్యమన్నరు, ఒకరు ఉంచమన్నరని. ఆ మిగతా సగం నోటి దాంక వచ్చింది.

"నీ దగ్గరికి గూడ వచ్చిందా?" అన్నడు.

"వచ్చింది."

వాని ముఖం ఒక్కపారి తేటగ అయింది. "అంటె ఆ ఒక్క ఓటు నీదేనా!" అన్నడు. అడగలే, అన్నడు. "పోనీతియ్ అక్కా. ఒక్కరన్న నమ్మిన్రు కద" అని నా భుజం మీద ఒక్కటిచ్చి నీళ్లు తాగెటందుకు లేసిండు.

కాదురా అనాలె. అనలే.

మళ్ల పెట్టమని చెప్పిన, మళ్ల పరిశీలించమని అడిగే దారి ఉంటది, అది నొక్కు అన్న. ఇనలే. "ఒక్కసారి అడిగిన. రెండోసారి అడుగుతె అది నిజంగనే ఎటకారమైతది" అన్నడు. నేనన్న పోయి సూపర్‌వైజర్‌కు చెప్పొచ్చు: వాడు నా తమ్ముడు, గీత నొక్కలే, నా ఓటు కొట్టెయ్యిండ్రి అని. సోమవారం ఆయన సీటు దాంక పోయిన. "ఏమ్మా?" అన్నడు. ఏసీ చల్లగ ఉంది, జర తగ్గించమని చెప్పి వచ్చిన. తమ్ముని నౌకరి పోయిన ఇంట్ల నా నౌకరి గూడ పోతె ఎట్ల అని నాకు నేను చెప్పుకున్న. అదొక్కటే కాదు. వానికి తెలుస్తదని భయం.

క్లబ్బోళ్లు సంతకం పెట్టలే. మూడు నెలలు ఇంట్ల ఉన్నడు. పొద్దున ఉరుకుడు, మధ్యాహ్నం పండుడు. తర్వాత కేరళ దిక్కు ఒక చిన్న క్లబ్ పిలిస్తె పోయిండు. అక్కడ గూడ నోరు ఊకోలే, వాళ్ల బస్సు సీట్ల మీద ఏదో అన్నడంట. అమ్మ సౌండ్ తగ్గిస్తనే ఉంది.

మొన్న పోయిన వారం, మధ్యాహ్నం. ఆఫీసు కింద బస్టాపుల ఉన్న. వాని ఇంటర్వ్యూ ఒకటి ఫోన్ల వచ్చింది. ఆ పాత గొడవ గురించి అడిగిన్రు. వాడు మామూలుగ లేడు, జర సిగ్గుపడ్డట్టున్నడు. "ఆ దినం ఎవ్వరు నమ్మలే సార్. మా అక్క ఒక్కతే నమ్మింది. నాకది చాలు" అన్నడు. కింద కామెంట్లన్ని చదివిన. ఒక్క తిట్టు లేదు. అన్ని చేతులు జోడించిన బొమ్మలు, ఎర్ర గుండెలు. "అక్క అంటే అట్లుండాలె" అని ఎవరో రాసిన్రు. వాని మాట మీద ఎవ్వరూ కొట్లాడని దినం నేను చూసుడు అదే మొదలు.

అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తున్నదో నవ్వుతున్నదో తెలుస్తలేదు. సౌండ్ పెట్టుకొనే ఇన్నదంట. "ఇన్నవా బిడ్డా, నీ తమ్ముడేమన్నడో?"

"ఇన్న."

అమ్మ గొంతు తగ్గించి, పక్కన ఎవరన్నా ఇంటరేమో అన్నట్టు అన్నది: "నీకొక్కదానికే చెప్తున్న, వానికి చెప్పకు. ఆ దినం వీడియో నేను గూడ చూసిన. మీ బాపుకు చేసినట్టే ఎటకారం చేస్తున్నడనుకున్న. కన్నతల్లినై ఉండి నమ్మకపోతి. నువ్వు నమ్మినవ్. బాపు ఉంటె నిన్ను చూసి ఎంత సంబురపడుతుండెనో."

బస్సు వచ్చింది, జనం ఎక్కుతున్నరు. "అమ్మా" అన్న.

"ఆఁ, చెప్పు బిడ్డా."

"ఏం లేదు. బస్సొచ్చింది" అని పెట్టేసిన.